సైలెన్సర్ పెడితే బుల్లెట్ పవర్ తగ్గుతుందా?

మనవైపు బుల్లెట్, సైలెన్సర్ అన్న రెండు మాటలు పక్కపక్కన వినబడితే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది ఎన్‌ఫీల్డ్ బండే. కంపెనీ సైలెన్సర్ పీకేసి డబడబలాడే గొట్టం బిగించుకునే కుర్రాళ్ళు, ఆ గొట్టాలన్నిటినీ రోడ్డు మీద వరసగా పేర్చి రోలర్‌తో తొక్కించే ట్రాఫిక్ పోలీసులు. నేను చెప్పబోయేది తుపాకీ సైలెన్సర్ గురించే కానీ, బండి సంగతిని మరీ దూరంగా నెట్టెయ్యకండి, ఆ రెండూ ఒక ఇంటివే, కాసేపట్లో అక్కడికే వస్తాం.

మొన్న పండక్కి వచ్చినప్పుడు మా అక్క కొడుకు ఏదో సినిమా చూస్తూ అడిగాడు: "మావయ్యా, ఆ గొట్టం బిగిస్తే సౌండ్ తగ్గుతుంది కదా, మరి బుల్లెట్ పవర్ కూడా తగ్గాలి కదా?" సినిమాలో హీరో పిస్టల్‌కి గొట్టం బిగించి 'టిఫ్' మనిపిస్తే పక్క టేబుల్ వాడికి కూడా తెలీడం లేదు. ప్రశ్న తెలివైనదే. ఊరికే ఏదీ రాదు, చప్పుడు తగ్గిందంటే ఇంకేదో పోయి ఉండాలి అని వాడి లెక్క. ఆ లెక్క సగం కరెక్టు. నిజంగానే ఒకటి పోతుంది, అయితే దాన్ని పోగొట్టేది గొట్టం కాదు. ఇంకో సంగతి, ఆ 'టిఫ్' అనే చప్పుడు సినిమా వాళ్ళ స్టూడియోలో పుట్టింది, తుపాకీలో కాదు.

ముందు ఒక మాట తేల్చుకుందాం. మనం బుల్లెట్ అని దేన్నిబడితే దాన్ని అనేస్తాం. ఇత్తడి గొట్టం, అందులో మందు, అడుగున రాజుకునే టోపీ, ముందు సీసపు మొన, అన్నీ కలిపితే తూటా. పేలాక ఎగిరిపోయే ఆ మొన ఒక్కటే బుల్లెట్. ఈ తేడా చివరిదాకా గుర్తుంచుకోండి, అసలు తిరకాసంతా ఇక్కడే ఉంది.

తుపాకీ పేలినప్పుడు మన చెవిని తాకేది ఒక్క చప్పుడు కాదు. మూడు నాలుగు చప్పుళ్ళు రెప్పపాటులో ఒకదానిమీద ఒకటి పడి ఒకటే 'ఢాం' లాగా వినిపిస్తాయి. అన్నిటికన్నా పెద్దది గొట్టం మూతి దగ్గర గ్యాస్ ఒక్కసారిగా బయటకు తన్నుకొచ్చే చప్పుడు. దాని వెనకే, బుల్లెట్ ధ్వని కంటే వేగంగా పోతుంటే గాలిని చీల్చే 'ఛట్' మనే చప్పుడు. తుపాకీ లోపల ఇనప భాగాలు వెనక్కీ ముందుకీ కొట్టుకునే 'కటక్' ఇంకోటి. చివరికి బుల్లెట్ వెళ్ళి దేనికి తగిలితే దాని చప్పుడు. సైలెన్సర్‌కి చేతనయ్యేది ఈ నాలుగింట్లో మొదటిదాన్ని తగ్గించడం ఒక్కటే. మిగతా మూడింటి జోలికి అది పోలేదు. అందుకే చాలామంది షూటర్లు ఆ పేరే ఇష్టపడరు, సప్రెసర్ అంటారు. బ్రిటన్‌లో సౌండ్ మోడరేటర్ అంటారు. అమెరికా చట్టంలో మాత్రం ఇప్పటికీ సైలెన్సర్ అనే ఉంది. నేనూ అదే వాడతాను, మనకి నోరు తిరిగేది అదే కాబట్టి.

ఆ మొదటి చప్పుడు ఎందుకంత పెద్దదో చూద్దాం. మీ ఇంట్లో కుక్కర్ ఉంది కదా. పూర్తిగా ప్రెషర్ ఎక్కాక కూడా లోపల ఒత్తిడి బయటి గాలి ఒత్తిడికి సుమారు రెండు రెట్లు ఉంటుంది, అంతే. దానికే మూత బలవంతంగా తీస్తే పప్పు సీలింగుకి అంటుకుంటుంది. సైన్యాలు వాడే 5.56 రైఫిల్‌లో (ఆ అంకె సుమారుగా బుల్లెట్ వెడల్పు, మిల్లీమీటర్లలో) తూటా పేలినప్పుడు లోపల పుట్టే ఒత్తిడి బయటి గాలికి మూడువేల ఐదొందల రెట్లకు పైనే. బుల్లెట్‌ని తోసుకుంటూ గొట్టం చివరిదాకా వచ్చేసరికి ఆ గ్యాస్ కొంత సాగి, కొంత చల్లబడి చాలా తగ్గుతుంది కానీ, అప్పటికీ వందల రెట్లలోనే ఉంటుంది. బుల్లెట్ ఆ గ్యాస్‌కి సీసాకి బిగించిన బిరడా లాంటిది. బిరడా ఊడిన క్షణమే వెనకున్న వేడి గ్యాస్ మొత్తం బయటి గాలిని ఒక్క గుద్దు గుద్దుతుంది. 'ఢాం' అంటే ఆ గుద్దే.

కుక్కర్ మూత తీసేసినా, విజిల్ వేయనిచ్చినా బయటకు పోయేది అదే ఆవిరి. మొదటిది పేలుడు, రెండోది కూత. ఆవిరిని ఒక్కసారిగా వదలకుండా కొంచెం కొంచెంగా వదిలారు, అంతే తేడా. తుపాకీ సైలెన్సర్ చేసేదీ ఇదే. గ్యాస్‌ని అది ఆపదు, మింగెయ్యదు, కాసేపు తిప్పలు పెట్టి వదులుతుంది.

ఇప్పుడు ఎన్‌ఫీల్డ్ దగ్గరికి వద్దాం. ఈ గొట్టాన్ని బజారులోకి తెచ్చినాయన హైరమ్ పెర్సీ మాక్సిమ్ అనే అమెరికన్ ఇంజనీరు. పేటెంటు 1909లో వచ్చింది. వాళ్ళ నాన్న ఇంకెవరో కాదు, మాక్సిమ్ మెషిన్ గన్ కనిపెట్టిన హైరమ్ స్టీవెన్స్ మాక్సిమ్. తన తుపాకుల మోతకే ఆ పెద్దాయన చెవులు పోయాయంటారు. తండ్రి చెవులు చిల్లులు పడేలా మోత మోగించే తుపాకీ చేస్తే, కొడుకు ఆ మోత తగ్గించే గొట్టం చేశాడు. ఈ కొడుకు కార్ల పరిశ్రమలో పనిచేసినవాడు. ఇంజను వదిలే పొగ మోతనీ, తుపాకీ వదిలే గ్యాస్ మోతనీ ఆయన ఒకే జబ్బుగా చూశాడు, రెండింటికీ ఒకే రకం మందు వేశాడు. ఇంజన్లకు వాడే మఫ్లర్లు కూడా తర్వాత ఆయన కంపెనీ అమ్మింది. మీ బండి సైలెన్సరూ, సినిమాలో హీరో జేబులోంచి తీసి బిగించే సైలెన్సరూ ఒక ఇంటివే అన్నది ఇందుకే.

గొట్టం లోపల పెద్ద మాయేమీ లేదు. తుపాకీ మూతి దాటగానే ఒక ఖాళీ గది ఉంటుంది. గొట్టంలో ఇరుక్కుని వచ్చిన గ్యాస్ అక్కడ ఒక్కసారి ఒళ్ళు విరుచుకుంటుంది, ఒత్తిడి పడిపోతుంది. ఆ తర్వాత వరసగా అడ్డు బిళ్ళలు, బ్యాఫిల్స్ అంటారు వాటిని. ఒక్కో దాని నడుమ ఒక్కో రంధ్రం, బుల్లెట్ కంటే కాస్త వెడల్పుగా. బుల్లెట్ నేరుగా ఆ రంధ్రాల్లోంచి ఏ అంచునీ తాకకుండా వెళ్ళిపోతుంది. వెనకొచ్చే గ్యాస్‌కి అంత క్రమశిక్షణ లేదు, నాలుగు వైపులా విచ్చుకునే స్వభావం దానిది. బిళ్ళకి కొట్టుకుని, పక్కకి మళ్ళి, సుడి తిరిగి, లోహానికి తన వేడి ఇచ్చేసి, నీరసపడి, తర్వాతి గదిలోకి పోతుంది. అక్కడా అదే తంతు. చివరి రంధ్రం చేరేసరికి దాని ఒత్తిడీ వేడీ చాలామటుకు తగ్గి ఉంటాయి, బయటకు రావడం కూడా విడతలు విడతలుగా వస్తుంది. ఆ వేడంతా గొట్టమే తాగుతుంది కాబట్టి ఓ ముప్ఫై రౌండ్లు గబగబా కాల్చాక దాన్ని ముట్టుకుంటే చెయ్యి కాలి బొబ్బలెక్కుతుంది. అందుకే వీటిని స్టీలు, టైటానియం, జెట్ ఇంజన్లలో వాడే ఇంకోనెల్ లాంటి మొండి లోహాలతో చేస్తారు.

మరి ఎంత తగ్గుతుంది? మంచి సైలెన్సర్ అయితే 20 నుంచి 35 డెసిబెల్స్ దాకా. వినడానికి ఇంతేనా అనిపిస్తుంది. డెసిబెల్ లెక్క మన మామూలు కూడిక తీసివేతల లెక్క కాదు. పది తగ్గిందంటే శబ్దశక్తి పదో వంతయింది, ముప్ఫై తగ్గిందంటే వెయ్యో వంతయింది అని. అయినా సరే, మొదలే ఎక్కడుందో చూడండి. 5.56 రైఫిల్ మోత పేల్చేవాడి దగ్గర 160 డెసిబెల్స్ పైచిలుకు. అందులోంచి ముప్ఫై తీసేసినా 130 పైనే మిగులుతుంది. మన దగ్గర దీపావళి టపాకాయలకు ఒక నిబంధన ఉంది, పేలిన చోటికి నాలుగు మీటర్ల దూరంలో 125 డెసిబెల్స్, ఒక్క క్షణం తాకే అత్యధిక మోత (పీక్) లెక్కలో అయితే 145, దాటకూడదు అని. రెండింటినీ కొలిచే పద్ధతులు వేరు కాబట్టి పక్కపక్కన పెట్టి కచ్చితంగా పోల్చలేం గానీ, సుమారుగా అంచనా దొరుకుతుంది: సైలెన్సర్ బిగించిన రైఫిల్ మోత టపాకాయల జాతిలోకే వస్తుంది, గుసగుసల జాతిలోకి రాదు. పక్కగదిలో పడుకున్న మనిషి లేవకుండా రైఫిల్ పేల్చడం సినిమాల్లోనే కుదురుతుంది.

ఉపయోగం లేదని కాదు. ఒక్కసారిగా వచ్చే మోత 140 డెసిబెల్స్ దాటితే చెవికి శాశ్వతంగా దెబ్బ అని లెక్క. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి వెంట్రుకల్లాంటి కణాలు ఒకసారి పోతే మళ్ళీ మొలవవు. ఎన్‌సీసీ క్యాంపులో .22 రైఫిల్‌తో పడుకుని ఐదు రౌండ్లు పేల్చిన రోజు సాయంత్రం దాకా నా చెవుల్లో కీచురాళ్ళు అరుస్తూనే ఉన్నాయి, అది తుపాకుల్లో పసిపిల్ల లాంటిది. మాకు ఎవరూ చెవుల్లో దూదైనా పెట్టలేదు. సైలెన్సర్ మోతని 140 కిందికి దింపడమంటే చెవిని కాపాడడం. దాని అసలు ఉద్యోగం ఇదే, హత్యలు కాదు.

ఇక రెండో చప్పుడు, ఆ 'ఛట్'. నన్నడిగితే మొత్తం వ్యవహారంలో సరదా అయిన భాగం ఇదే. మన వీధుల్లో అమ్మవారి పెట్టె నెత్తిన పెట్టుకుని, ఒంటిమీద కొరడా ఝళిపించుకుంటూ వచ్చేవాళ్ళని చూసే ఉంటారు. కొరడా గాల్లో విదిలిస్తే వీధి చివరిదాకా 'ఛట్' మంటుంది, దేనికీ తగలకుండానే. కొరడా కొస ఆ క్షణంలో ధ్వని వేగాన్ని దాటేస్తుంది, ఆ దాటడమే ఆ చప్పుడు. బుల్లెట్ చేసేదీ అదే. తేడా ఏంటంటే కొరడా ఒక్కచోట ఒక్కసారి అంటుంది, బుల్లెట్ తను పోయే దారి పొడుగునా అంటూనే పోతుంది. ఈ చప్పుడు పుట్టేది గొట్టం దాటాక, బయటి గాలిలో. సైలెన్సర్ తుపాకీ మూతి దగ్గరే ఉండిపోతుంది, ముందుకెళ్ళిపోయిన బుల్లెట్‌ని అది ఎలా ఊరుకోబెడుతుంది చెప్పండి?

దాన్ని ఊరుకోబెట్టాలంటే ఒకటే దారి, బుల్లెట్‌నే ధ్వని కంటే నెమ్మదిగా పంపాలి. సబ్‌సోనిక్ తూటాలు అంటారు, మందు తక్కువ, బుల్లెట్ బరువు. ధ్వని వేగం 20 డిగ్రీల వేడిలో సెకనుకి సుమారు 343 మీటర్లు. అది స్థిరం కాదు, డిగ్రీకి 0.6 మీటర్ల చొప్పున పెరుగుతుంది. రామగుండంలో మే నెలలో 45 డిగ్రీలు కాస్తున్నప్పుడు 358 మీటర్లు ఉంటుంది, లంబసింగిలో చలికాలం తెల్లవారుజామున 5 డిగ్రీలున్నప్పుడు 334. అంటే సెకనుకి 345 మీటర్లతో పోయే బుల్లెట్ రామగుండం ఎండలో ధ్వనికి లోబడి పోతుంది, లంబసింగి చలిలో అదే తూటా 'ఛట్' మంటుంది. ఈ గొడవెందుకని తయారీదార్లు ఇంకాస్త కిందికి, 310-320 దగ్గర పెట్టేస్తారు.

కొన్ని తూటాలు పుట్టుకతోనే నెమ్మది. .45 పిస్టల్ తూటా మామూలుగానే సెకనుకి 260 మీటర్లు దాటదు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ కమాండోలకి డి లైల్ కార్బైన్ అనే పొట్టి రైఫిల్ చేసినప్పుడు ఏరికోరి ఈ తూటానే పెట్టుకున్నారు. పైగా బోల్ట్‌ని, అంటే తూటాని లోపలికి నెట్టి మూసే ఇనప కడ్డీని, చేత్తో లాగాలి, తనంతట తాను కదిలే భాగాలు లేవు, కాబట్టి ఆ మూడో చప్పుడు 'కటక్' కూడా లేదు. నాలుగు చప్పుళ్ళలో మూడింటిని విడివిడిగా పట్టుకుని మూడింటికీ మందు వేశారు, నిశ్శబ్దం అనే మాటకి చాలా దగ్గరికి వెళ్ళిన తుపాకుల్లో అదొకటి. చేసింది మహా అయితే నూట ముప్ఫై.

ఇప్పుడు మా వాడి ప్రశ్నకి. మామూలు తూటా, మామూలు సైలెన్సర్. బుల్లెట్ వేగం తగ్గుతుందా?

తగ్గదు. చాలాసార్లు పిసరంత పెరుగుతుంది. సెకనుకి ఒకటి రెండు మీటర్ల నుంచి ఐదారు మీటర్ల దాకా. ఎందుకంటే బుల్లెట్ గొట్టం దాటిన తర్వాత కూడా వెనకున్న గ్యాస్ అక్కడే, సైలెన్సర్ లోపలే, దాని వీపుని ఇంకాసేపు తోస్తుంది. ఎనిమిదొందల యాభై మీటర్ల వేగంలో ఐదు మీటర్లంటే లెక్కలోకి రాదనుకోండి. బుల్లెట్ ఆ గొట్టంలో ఉండేది కూడా ఎంతసేపని? ఇరవై సెంటీమీటర్ల సైలెన్సర్‌ని సెకనుకి 900 మీటర్ల బుల్లెట్ దాటడానికి మిల్లీసెకన్‌లో నాలుగో వంతు కూడా పట్టదు. గ్యాస్ ఇంకా మొదటి బిళ్ళ దగ్గర తల బాదుకుంటుంటే బుల్లెట్ ఆల్రెడీ ఊరు దాటేసింది.

గురి సంగతి మాత్రం అంత సింపుల్ కాదు. తుపాకీ గొట్టం మనకి దిమ్మెలా గట్టిగా కనిపిస్తుంది గానీ పేలినప్పుడు మీటిన తంబురా తీగలా అదురుతుంది. దాని కొసన మూడొందల నుంచి ఐదొందల గ్రాముల బరువు వేలాడదీస్తే ఆ అదురు మారుతుంది, బుల్లెట్ విడిచే క్షణంలో మూతి చూసే దిక్కు వెంట్రుకవాసి మారుతుంది. ఫలితం, బుల్లెట్లు ఇంతకుముందు తగిలిన చోట కాక ఇంకోచోట, ఎక్కువగా కాస్త కిందికి, తగులుతాయి. దీన్ని చాలామంది 'గురి పాడైంది' అనుకుంటారు. పాడవలేదు, పక్కకి జరిగింది. ప్రతిసారీ అదే కొత్త చోట తగులుతుంటే గురి చూసే సైట్ తిప్పుకుని మళ్ళీ సరిచేసుకుంటే (జీరో చేసుకోవడం అంటారు) సరిపోతుంది. పైగా చాలా రైఫిళ్ళు సైలెన్సర్‌తో ఇంకా దగ్గరదగ్గరగా కొడతాయి. ముందుకి బరువు ఉండడం వల్ల చేతిలో నిలకడ వస్తుంది, వెనక్కి తన్నే దెబ్బ తగ్గుతుంది, మోత తగ్గేసరికి ట్రిగ్గర్ నొక్కేటప్పుడు కళ్ళు మూసుకుని భుజం బిగబట్టే అలవాటు కూడా తగ్గుతుంది. ఆ చివరిదే అన్నిటికన్నా పెద్ద లాభమని నా అనుమానం.

చిక్కులూ ఉన్నాయి. గ్యాస్ ముందుకి పోవడం ఆలస్యమైతే కొంత వెనక్కి వస్తుంది, ఆటోమేటిక్‌గా లోడయ్యే రైఫిళ్ళలో బోల్ట్ ఉండాల్సిన దానికంటే వేగంగా వెనక్కి తంతుంది, పొగంతా కాల్చేవాడి ముఖాన. వేడెక్కిన గొట్టం మీంచి ఎండాకాలం తార్రోడ్డు మీద లాగా గాలి అలలు అలలుగా లేచి స్కోప్‌లో టార్గెట్ ఈదుతున్నట్టు కనిపిస్తుంది. మరలు సరిగ్గా కూర్చోక గొట్టం ఇసుమంత వంకరగా బిగిసిందా, బుల్లెట్ లోపలి బిళ్ళని గీసుకుంటుంది, ఆ తర్వాత ఎటు పోతుందో దేవుడికే తెలియాలి. బుల్లెట్ పనితనాన్ని సైలెన్సర్ నిజంగా పాడుచేసే సందర్భం ఏదైనా ఉందంటే ఇదే, అదైనా బిగించినవాడి తప్పు.

కాకపోతే కావాలనే బుల్లెట్‌ని ముట్టుకునే సైలెన్సర్లు కొన్ని వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలోనే బ్రిటిష్ వాళ్ళ రహస్య విభాగం ఎస్‌ఓఈ కోసం వెల్‌రాడ్ అనే పిస్టల్ చేశారు, సైకిల్ పంపులా ఉంటుంది చూడ్డానికి. అందులో లోహపు బిళ్ళలతో పాటు రబ్బరు బిళ్ళలు పెట్టారు, బుల్లెట్ వాటిని చీల్చుకునే పోవాలి, పోగానే రబ్బరు మూసుకుని గ్యాస్‌ని ఆపాలి. బ్రహ్మాండంగా పనిచేసింది, కొన్ని రౌండ్లకే రబ్బరు చిరిగి తేలిపోయింది. రబ్బరుని చీల్చుకుంటూ పోయే బుల్లెట్‌కి దూరం గురి ఎక్కడుంటుంది? అది ఎదురుగా నిలబడి కాల్చే పిస్టల్, దానికి గురితో పెద్ద పని లేదు. ఇంకో దారి జర్మన్ల ఎంపీ5ఎస్‌డీ అనే చిన్న మెషిన్ గన్‌ది. దాని గొట్టానికే సన్నటి రంధ్రాలు, సైలెన్సర్ ఆ గొట్టం చుట్టూ ఉంటుంది. బుల్లెట్ ఇంకా లోపల ఉండగానే రంధ్రాల్లోంచి కొంత గ్యాస్ జారిపోతుంది, తోపు తగ్గుతుంది, బజార్లో దొరికే మామూలు 9 ఎం.ఎం. తూటా కూడా ధ్వని వేగానికి కిందే బయటకు వస్తుంది. ఇక్కడ మాత్రం మా వాడు చెప్పినట్టే, సైలెన్సర్ బుల్లెట్ పవర్ తీసేసింది. పొరపాటున కాదు, దాన్ని చేసిందే అందుకు.

అసలు ఖర్చు ఎక్కడుందో ఇప్పుడు లెక్క చూద్దాం. మన పోలీసుల భుజాన కనిపించే ఎస్‌ఎల్‌ఆర్ రైఫిల్ తీసుకోండి. 7.62 బుల్లెట్ బరువు సుమారు తొమ్మిదిన్నర గ్రాములు, వేగం సెకనుకి 840 మీటర్లు. శక్తి లెక్కేస్తే 3350 జౌళ్ళు వస్తుంది. దానికి సైలెన్సర్ బిగించండి, ఆ 3350 అలాగే ఉంటుంది, కానీ 'ఛట్' కూడా అలాగే ఉంటుంది. ఆ 'ఛట్' కూడా వద్దని అదే బుల్లెట్‌ని 310 మీటర్ల వేగంతో పంపితే? శక్తి వేగానికి వర్గంలో పడిపోతుంది, 456 జౌళ్ళు మిగులుతాయి, ఏడో వంతు కూడా కాదు. కింద పడడం చూడండి. గాలి నిరోధం పక్కన పెట్టి లెక్కేసినా, వంద మీటర్లు వెళ్ళేలోపు మామూలు బుల్లెట్ ఏడు సెంటీమీటర్లు కిందికి జారితే ఇది అర మీటరు జారుతుంది. రెండొందల మీటర్లకి రెండు మీటర్లు. అంటే మనిషి తలకి గురిపెడితే కాళ్ళ దగ్గర మట్టి లేస్తుంది. దూరం ఒక పదిహేను మీటర్లు తప్పు అంచనా వేసినా గురి గోవిందా. వేగంతో గుద్దుకున్నప్పుడు విచ్చుకునేలా చేసిన వేట బుల్లెట్లు ఇంత నెమ్మదిలో విచ్చుకోవు, మేకులా దూరిపోతాయి. మందు తక్కువ కాబట్టి ఆటోమేటిక్ రైఫిల్ తనంతట తాను మళ్ళీ లోడ్ కాకపోవచ్చు కూడా.

పోయిన వేగాన్ని బరువుతో కొంత పూడ్చుకోవచ్చు. రష్యన్ల వీఎస్‌ఎస్ వింటోరెజ్ అనే స్నైపర్ రైఫిల్ ఆ బాపతే. దాని 9 ఎం.ఎం. బుల్లెట్ పదహారు గ్రాముల పైమాటే, వేగం సెకనుకి 290 దగ్గర. బరువైన బుల్లెట్, నెమ్మది నడక, లోపలే కట్టిన సైలెన్సర్, తుపాకీ తూటా రెండూ ఒకదానికోసం ఒకటి పుట్టాయి. అయినా అది కూడా మామూలు స్నైపర్ రైఫిల్ పోయినంత దూరం పోదు.

సినిమాల మీద ఇంకో ఫిర్యాదు చేసి ముందుకి పోతాను. విలన్ రివాల్వర్ తీసి దానికి సైలెన్సర్ బిగిస్తాడు చూడండి, అక్కడ నాకు ఆగదు. రివాల్వర్‌లో తిరిగే చక్రానికీ గొట్టానికీ మధ్య సన్నటి సందు ఉంటుంది, లేకపోతే చక్రం తిరగదు. పేలినప్పుడు గ్యాస్ ఆ సందులోంచి పక్కలకి చిమ్ముతుంది. ముందు తలుపుకి తాళం వేసి దొడ్డి తలుపు బార్లా తీసి పెట్టినట్టు. దీనికి పేరుపడ్డ మినహాయింపు 1895 నాటి నాగాంట్ రివాల్వర్, రష్యన్ సైన్యం వాడింది. దాంట్లో గుర్రం, అంటే తూటాని కొట్టే వెనక సుత్తి, లాగినప్పుడు చక్రం ముందుకి జరిగి గొట్టానికి అతుక్కుంటుంది, సందు మూసుకుంటుంది. విలన్ చేతిలో అది కనిపిస్తే నేను నోరెత్తను.

చట్టాల సంగతి టూకీగా. అమెరికాలో 1934లో నేషనల్ ఫైర్‌ఆర్మ్స్ యాక్ట్ తెచ్చి సైలెన్సర్ మీద 200 డాలర్ల పన్ను వేశారు, ఇప్పటి లెక్కలో నాలుగు వేల డాలర్లకి పైనే. తొంభై ఏళ్ళు ఆ అంకె మారలేదు, చివరికి 2025లో చేసిన చట్టంతో 2026 జనవరి 1 నుంచి సున్నా చేశారు, రిజిస్ట్రేషన్ మాత్రం ఉంది. నార్వేలో వేటగాళ్ళకి ఇది హెల్మెట్ లాంటి మామూలు వస్తువు, చెవులు పోకుండా, చుట్టుపక్కల ఇళ్ళవాళ్ళు తిట్టకుండా. మన ఆయుధాల నిబంధనల్లో శబ్దాన్నీ మెరుపునీ తగ్గించే పరికరాలని పై కేటగిరీలో, సైన్యం తుపాకుల పక్కన పెట్టారు. మామూలు లైసెన్సు ఉన్నవాడికి అది అందే వస్తువు కాదు. అందుకే మనకి దీని గురించి తెలిసిందల్లా సినిమాలే నేర్పాయి.

నేను దీన్ని దగ్గర్నుంచి చూసింది డాలస్ దగ్గర. మా బావమరిది అక్కడ పౌరుడు, పందుల వేటకి పోతుంటాడు. విజిటర్ వీసా మీద వెళ్ళినవాళ్ళు, వేట లైసెన్సు లాంటి మినహాయింపు ఉంటే తప్ప, అక్కడ తుపాకీ పట్టుకోకూడదు. అందుకని నేను చెవులకి మఫ్స్ తగిలించుకుని ఆరుబయట రేంజిలో వాడి వెనకాల చేతులు కట్టుకుని నిలబడ్డాను. ముందు 5.56 రైఫిల్, సైలెన్సర్‌తో. మొదటి రౌండ్ మిగతావాటికంటే గట్టిగా వినిపించింది. గొట్టంలో అప్పటిదాకా ఉన్న మామూలు గాలిలోని ఆక్సిజన్ దొరికి గ్యాస్ లోపలే ఇంకోసారి అంటుకుంటుంది, రెండో రౌండ్‌కి లోపల పొగ తప్ప గాలి ఉండదు. ఆ తర్వాత ప్రతి రౌండ్‌కీ ఛాతీ మీద కొట్టినట్టుండే ఆ గుద్దు లేదు, కానీ 'ఛట్' మాత్రం పొలం అవతలి చెట్ల దాకా పాకి తిరిగి వచ్చింది. పది రౌండ్లకి వాడు కళ్ళు నులుముకుంటూ లేచాడు, పొగ. "ఇదేనారా సైలెన్సర్?" అన్నాను. "ఆగు బావా," అని .22 రైఫిల్ తీశాడు, బోల్ట్‌ది, సబ్‌సోనిక్ తూటాల డబ్బా వేరే. యాభై గజాల అవతల చిన్న ఇనప పలక వేలాడుతోంది. నన్ను మఫ్స్ తీసెయ్యమన్నాడు. వాడు ట్రిగ్గర్ నొక్కాడని నాకు తెలిసింది ఆ పలక 'టంగ్' మన్నాక. తర్వాత బోల్ట్ వెనక్కి లాగితే ఖాళీ ఇత్తడి గొట్టం ఎగిరి సిమెంటు బల్ల మీద పడి దొర్లిన చప్పుడు, అదీ స్పష్టంగా వినబడింది.